లడఖ్‌కు ఏ తొవ్వన పోవాలి? శ్రీనగర్, మనాలి, స్పితి: పాలమూరు, నల్లగొండ నుంచి బయల్దేరేవాళ్ల కోసం

జడ్చర్ల దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగితే ఆ రోడ్డు నేరుగా శ్రీనగర్ దాకా పోతుంది. నల్లగొండవాళ్లు నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ చేరి అదే రోడ్డు పట్టుకుంటారు. రెండు ఊళ్ల నుంచీ హైదరాబాద్ వంద కిలోమీటర్ల చిల్లరే కాబట్టి లెక్క ఇద్దరికీ ఒకటే: అక్కడి నుంచి నాగ్‌పూర్ 500 కి.మీ., ఢిల్లీ సుమారు 1,550 కి.మీ. అంతవరకు ఆలోచించాల్సిన పని లేదు. ఢిల్లీ దాటాకే తొవ్వలు చీలుతాయి. జమ్మూ, శ్రీనగర్, కార్గిల్ మీదుగా లేహ్ పోవచ్చు. మనాలి నుంచి అటల్ సొరంగం దాటి లేహ్ పోవచ్చు. లేదంటే లేహ్ మాట పక్కన పెట్టి సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి లోయ చూసి రావచ్చు.

మూడింటిలో ఏది అందంగా ఉంటుందని చాలామంది అడుగుతారు. మూడూ అందమైనవే, కాబట్టి దాన్నిబట్టి ఎంచుకోలేం. రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాల్సి వస్తుంది, ఒంట్లో బాగోకపోతే వెంటనే కిందికి దిగే వీలుందా అన్నవి ముందు చూడండి. ఇంటి నుంచి చివరి మజిలీ దాకా ఈ రెండు లెక్కలూ వేసుకున్నాకే మిగతావి.

ముందుగా తేల్చుకోవాల్సినవి

పడక ఎత్తు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, నల్లగొండ ఇంకాస్త తక్కువ. లేహ్ 3,500 మీటర్లు. పర్వత వైద్యంలో అందరూ పాటించే నియమం ఒకటుంది: 3,000 మీటర్లు దాటాక ఈ రోజు పడుకున్న చోటికన్నా మర్నాడు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు 5,000 మీటర్ల కనుమ ఎక్కి దిగితే ఒళ్లు ఓర్చుకుంటుంది. ఆ ఎత్తులోనే నిద్రపోతే మాత్రం ఓర్చుకోదు, ఎందుకంటే నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. పగలంతా బాగున్న మనిషికి రాత్రి రెండింటికి తలనొప్పి, వాంతులు మొదలయ్యేది అందుకే. వయసు, కండబలం దీన్ని ఆపలేవు. జిమ్‌కు పోయే పాతికేళ్ల కుర్రాడు పడిపోయిన చోట అరవై ఏళ్ల తల్లి బాగానే ఉండొచ్చు.

సెలవులు. సొంత బండి మీద ఇంటి నుంచి లేహ్ పోయి రావాలంటే 20 రోజులు, దారి మూసుకుంటే ఆగడానికి మరో రెండు. అంతకన్నా తక్కువ సెలవు ఉంటే బండిని రైల్లో పంపడమో, అక్కడ అద్దెకు తీసుకోవడమో చేయాలి. కొందరు 14 రోజుల్లో కానిచ్చేద్దాం అనుకుంటారు. అప్పుడు కోత పడేది లేహ్‌లో ఆగాల్సిన రెండు రోజుల మీదే. సరిగ్గా ఆ రెండే కోయకూడనివి.

కాలం. మన బడులకు ఎండాకాలం సెలవులు జూన్ 12 దగ్గర అయిపోతాయి. మళ్లీ దొరికేవి దసరా సెలవులు. మే నెలలో శ్రీనగర్ తొవ్వ, కిన్నౌర్ తొవ్వ సాధారణంగా తెరిచే ఉంటాయి. మనాలి–లేహ్ రోడ్డు మేలో తెరిచినా పక్కన మంచు గోడలు, రోడ్డు మీద కరిగిన నీళ్లు ఉంటాయి. స్పితి లోయలోని కాజా నుంచి మనాలికి దిగే కుంజుమ్‌లా కనుమ జూన్ వస్తే తప్ప తెరుస్తారన్న నమ్మకం లేదు. జులై, ఆగస్టు నెలల్లో లడఖ్ వానలకు అడ్డుగోడ వెనక ఉన్నట్టే, కానీ అక్కడికి చేర్చే హిమాచల్, జమ్మూ దారులు మాత్రం కొండచరియల కింద ఉంటాయి. 2021 ఆగస్టు 11న కిన్నౌర్‌లో నిగుల్సరి దగ్గర కొండ విరిగి బస్సు మీద పడింది. 2023 జులైలో వరదకు కులు–మనాలి రోడ్డే కొట్టుకుపోయింది, స్పితి వైపు చంద్రతాల్ సరస్సు దగ్గర చిక్కుకున్న పర్యాటకులను హెలికాప్టర్లు, మంచు తొలిచే యంత్రాలు పెట్టి బయటికి తేవాల్సి వచ్చింది. మూడు తొవ్వలకూ మంచి రోజులు సెప్టెంబర్ రెండో సగం. ఆకాశం తేటగా ఉంటుంది, వాగులు తగ్గుతాయి. కొన్నేళ్లు అదే మనకు బతుకమ్మ కాలం కూడా. ఇంటి ఆడవాళ్లతో ముందే మాట్లాడుకోండి, తేదీ ఖరారు చేశాక కాదు.

ఎవరు పోతున్నారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకుంటే తప్ప 3,000 మీటర్లు దాటొద్దు. మాటలు రాని పసిపిల్లలకు తలనొప్పి వస్తే చెప్పలేరు, ఏడుస్తారంతే. అది ఆకలా, ఎత్తా అని తేల్చుకోవడం తల్లిదండ్రులకు చాలా కష్టం.

| | శ్రీనగర్–లేహ్ | మనాలి–లేహ్ | సిమ్లా–కిన్నౌర్–కాజా |
|---|---|---|---|
| దూరం | సుమారు 420 కి.మీ. | సుమారు 430 కి.మీ. | సుమారు 450 కి.మీ. |
| బయల్దేరే చోటు ఎత్తు | 1,585 మీ. | 2,050 మీ. | 2,200 మీ. |
| ఎక్కాల్సిన అతి ఎత్తైన కనుమ | ఫోతులా 4,108 మీ. | తంగ్లాంగ్‌లా 5,328 మీ. | కాజా దాకా పెద్ద కనుమ లేదు |
| మధ్యలో రాత్రి మజిలీ | కార్గిల్ 2,676 మీ. | జిస్పా 3,200 మీ., లేదా సర్చు 4,290 మీ. | కల్పా 2,960 మీ., తాబో 3,280 మీ. |
| బంకుల మధ్య పెద్ద ఎడం | ఇబ్బంది లేదు | తాండీ నుంచి 365 కి.మీ. | కిన్నౌర్‌లోని రెకాంగ్ పియో నుంచి కాజా సుమారు 200 కి.మీ. |
| ప్రీపెయిడ్ సిమ్ | పనిచేయదు | లడఖ్‌లో పనిచేయదు | పనిచేస్తుంది, సిగ్నల్ ఉన్నచోట |
| మొదటిసారి పోయేవాళ్లకు | పోయేటప్పుడు ఇదే | వచ్చేటప్పుడు ఇదే | సెలవు తక్కువ ఉంటే ఇదే |

శ్రీనగర్ తొవ్వ: మెల్లగా ఎక్కించేది

శ్రీనగర్‌లో ఒక రోజు ఆగి, మర్నాడు పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి కార్గిల్. రెండో రాత్రి ఖల్సీ దగ్గర సుమారు 3,000 మీటర్లలో. మూడో రోజు మధ్యాహ్నానికి లేహ్. ఒంటికి ఇంతకన్నా సుఖమైన మెట్లు ఇంకే తొవ్వలోనూ లేవు. ఖల్సీ మజిలీ వదిలేసి కార్గిల్ నుంచి ఒకే రోజులో లేహ్ చేరేవాళ్లే ఎక్కువ. అప్పుడు 800 మీటర్ల పైచిలుకు ఒక్కసారే పెరుగుతుంది, కాబట్టి లేహ్‌లో మొదటి 48 గంటలు కదలకుండా ఉండటం ఇంకా అవసరం.

ఈ దారిలో గట్టి పరీక్ష జోజీలా కనుమ ఒక్కటే. 3,528 మీటర్లే అయినా ఇరుకు, మెత్తని మట్టి, ఒక పక్క లోయ, ఎదురుగా లారీల వరస. వాన పడితే ఆ మట్టి జారుడు బండ అవుతుంది. ట్రాఫిక్ పోలీసులు ఒక్కోసారి ఒక వైపు నుంచే వదులుతారు, కాబట్టి ముందురోజు రాత్రే సమయాలు కనుక్కుని తెల్లవారుజామున సోనామార్గ్ దాటేయాలి. 2025 జనవరి 13న ప్రారంభమైన 6.5 కి.మీ. సోనామార్గ్ సొరంగంతో గగన్‌గీర్ దగ్గరి హిమపాతాల ముప్పు తప్పింది. జోజీలా కింది పెద్ద సొరంగం పని మాత్రం ఇంకా నడుస్తోంది. రెండూ ఒకటే అనుకుని పోయి కనుమ దగ్గర బిత్తరపోయేవాళ్లు ఉన్నారు.

ద్రాస్‌లో 1999 యుద్ధ స్మారకం రోడ్డు పక్కనే ఉంటుంది, దానికి గంటన్నర కేటాయించండి. ముల్బేక్, లామాయూరు మఠాలు, నిమ్మూ దగ్గర సింధు, జంస్కార్ నదుల కలయిక అన్నీ దారి మీదే.

ఈ తొవ్వకు ఉన్న చిక్కు భద్రత, రాంబన్ దగ్గర విరిగిపడే కొండచరియలు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకుల మీద దాడి జరిగాక కాశ్మీర్‌లో చాలా చోట్ల తనిఖీలు, మూసివేతలు పెరిగాయి. బయల్దేరే వారం పరిస్థితి చూసుకుని, అవసరమైతే తొవ్వ మార్చుకునేలా శ్రీనగర్ గదిని రద్దు చేసుకునే వీలుతోనే బుక్ చేయండి. జమ్మూ–శ్రీనగర్ మధ్య చెనానీ–నాశ్రీ, బనిహాల్–కాజీగుండ్ సొరంగాలు వచ్చాక ప్రయాణం తగ్గింది గానీ, రాంబన్–బనిహాల్ మధ్య ఒక్క రాత్రి వానకు రోడ్డు మూసుకుంటుంది. అందుకే జమ్మూ, శ్రీనగర్‌ల మధ్య ఒక ఖాళీ రోజు ఉంచండి.

మనాలి తొవ్వ: అందరూ ముందు ఎంచుకునేది, మొదట పోకూడనిది

బైక్ మీద పోయే కుర్రాళ్లలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది మనాలి అంటారు. ఇరవై ఒక్క మలుపుల గాటా లూప్స్, మోరే మైదానంలో బల్లపరుపుగా సాగిపోయే రోడ్డు, ఐదువేల మీటర్లు దాటిన రెండు కనుమలు. ఆ ఆకర్షణలో తప్పు లేదు. కానీ ఎత్తుల వరస గమనించండి. మనాలి 2,050. బారాలాచాలా 4,890. సర్చు 4,290. లాచులుంగ్‌లా 5,065. పాంగ్ 4,600. తంగ్లాంగ్‌లా 5,328. ఆ తర్వాతే లేహ్ 3,500.

అసలు ప్రమాదం ఈ వరసలోనే దాగి ఉంది. మొదటి రోజు మనాలిలో లేచి సాయంత్రానికి సర్చు గుడారంలో పడుకుంటే ఒక్క రోజులో 2,200 మీటర్లు పెరిగినట్టు. రాత్రి మనిషికి ఊపిరి ఆడకపోతే మందు ఒక్కటే, కిందికి దిగడం. సర్చు నుంచి ఎటు దిగాలన్నా ముందు ఇంకా ఎత్తుకు ఎక్కాలి: మనాలి వైపు 4,890, లేహ్ వైపు 5,065, దాని వెనక 5,328. పాంగ్‌లోనూ ఇదే గతి. గిన్నె అడుగున కూర్చున్నట్టు ఉంటుంది, అంచులన్నీ మనకన్నా పైనే. కార్గిల్‌లో ఒంట్లో బాగోకపోతే అక్కడే ఉండిపోవచ్చు, ఎందుకంటే ఆ ఊరే తక్కువ ఎత్తు. సర్చులో అలా కుదరదు.

అందుకని మనాలి వైపు నుంచే ఎక్కక తప్పదు అనుకునేవాళ్లు ఇలా చేయండి. మనాలిలో ఒక రాత్రి. అటల్ సొరంగం (9.02 కి.మీ., 2020 అక్టోబర్‌లో తెరిచారు) దాటి కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు. మధ్య రోజు బండి మీద పైకి కొంతదూరం పోయి మళ్లీ జిస్పాకే వచ్చి పడుకోండి. మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఐదింటికి కదిలి, సర్చు, పాంగ్‌లలో తిండికి మాత్రమే ఆగి, అదే సాయంత్రం లేహ్ చేరండి. జిస్పా నుంచి సుమారు 335 కి.మీ., పన్నెండు గంటల పైనే. కారుకు పర్వాలేదు. బైక్‌కు ఒళ్లు హూనం అవుతుంది, ఎత్తులో పడుకోవడంకన్నా అదే నయం. మధ్యాహ్నం రెండింటికల్లా పాంగ్ దాటకపోతే ఆ రోజు లేహ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

తొందరగా బయల్దేరడానికి ఇంకో కారణం వాగులు. జింగ్‌జింగ్‌బార్ చుట్టుపక్కల మంచు కరిగిన నీళ్లు రోడ్డును కోసుకుంటూ పారతాయి. పొద్దున ఏడింటికి పాదం తడిసేంత ఉన్న నీళ్లు మధ్యాహ్నం మూడింటికి మోకాలు దాటుతాయి, ఎండకు పైన మంచు కరిగేకొద్దీ పెరుగుతాయి. వాగు దాటేటప్పుడు మొదటి గేరు, ఒకే వేగం, క్లచ్ నొక్కొద్దు. సైలెన్సర్ మునిగిన చోట ఇంజన్ ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకండి. నీళ్లు సిలిండర్‌లోకి పోయి ఉంటే ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని తోసి ఒడ్డుకు చేర్చి ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి.

పెట్రోలు లెక్క: తాండీ బంకు దాటితే లేహ్ వైపు 365 కి.మీ. దాకా బంకు లేదన్న బోర్డు అక్కడే ఉంటుంది. లేహ్‌కు కాస్త ముందు కారూలో దొరికినా 330 దాకా పోగలగాలి. 13 లీటర్ల ట్యాంకున్న 350 సీసీ బండి మన రోడ్ల మీద లీటరుకు 32 ఇచ్చినా, సామానుతో, వెనక మనిషితో, ఆ ఎత్తులో 25 అనుకోండి. 325 కి.మీ. సరిగ్గా అంచున ఆగిపోతుంది. ఐదు లీటర్ల క్యాన్ తప్పనిసరి, ఇనుపదో పెట్రోలు కోసమే చేసినదో తీసుకోండి. నీళ్ల సీసాలో పోస్తే ఎత్తుకు ఉబ్బి మూత దగ్గర కారుతుంది. నలభై లీటర్ల కారుకు ఈ బెంగ లేదు, తాండీలో నింపుకుంటే చాలు.

తిరుగు ప్రయాణంలో ఇదే తొవ్వ మంచిది. వారం రోజులు లేహ్‌లో ఉన్న ఒంటికి సర్చులో ఒక రాత్రి పెద్ద లెక్క కాదు. శ్రీనగర్ నుంచి ఎక్కి మనాలి నుంచి దిగడం మొదటిసారి పోయేవాళ్లకు గట్టిగా చెప్పే సలహా.

జంస్కార్‌లోని పదుమ్, శింకులా కనుమ మీదుగా లేహ్‌కు కొత్త తొవ్వ ఒకటి ఉందని వినే ఉంటారు. రోడ్డు పని, సొరంగం పని నడుస్తున్న దారి అది. మొదటి యాత్రకు వద్దు.

స్పితి తొవ్వ: సెలవు తక్కువ, తృప్తి తక్కువ కాదు

లేహ్ పేరు లేకపోతే యాత్రే కాదనుకునేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. పదకొండు పన్నెండు రోజుల సెలవున్నవాళ్లు చండీగఢ్ దాకా రైల్లోనో విమానంలోనో పోయి, అక్కడ కారు తీసుకుంటే స్పితి నిదానంగా చూడొచ్చు. సిమ్లా, నార్కండా, రాంపూర్, కల్పా, నాకో, తాబో, కాజా. రోజుకు 100 నుంచి 200 కి.మీ. ఎత్తు మెల్లగా పెరుగుతుంది. నాకో 3,660 మీటర్లు, తాబో 3,280. కాబట్టి నాకోను పగలు చూసి తాబోకు దిగి పడుకోండి. తాబో మఠం క్రీ.శ. 996 నాటిది, మట్టి గోడల లోపల చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు, టార్చిలైటు దగ్గరుంచుకోండి.

కాజా సుమారు 3,700 మీటర్లు. అక్కడ రెండు మూడు రాత్రులు ఉండి కీ మఠం, కిబ్బర్, లంగ్జా, హిక్కిం తపాలా కార్యాలయం చూసి రావచ్చు. కాజాలో బంకు ఉంది, కానీ కరెంటు పోయినా సరుకు రాకపోయినా మూసేస్తారు. సగం ట్యాంకు ఉన్నప్పుడే నింపుకోవాలి.

కాజా నుంచి మనాలికి కుంజుమ్‌లా (సుమారు 4,550 మీ.) దాటి దిగే 200 కి.మీ.లో బాతల్, ఛత్రు, గ్రాంఫూ మధ్య ముక్క మూడు తొవ్వల్లోకీ అధ్వానమైనది. గుండ్రాళ్ల మీద వాగులు. చిన్న కార్ల అడుగు రాళ్లకు తగిలి ఆయిల్ సంప్ పగిలేది ఇక్కడే. ఇంజన్ ఆయిల్ కారిపోతే అక్కడ మెకానిక్ దొరకడు, ఫోను కలవదు. అడుగు ఎత్తు 180 మిల్లీమీటర్లకు తక్కువున్న కారుతో కుంజుమ్ వైపు పోవద్దు, కిన్నౌర్ మీదుగానే వెనక్కి రండి. మనాలి నుంచి మొదటి రోజే కాజా ఎక్కే ఉల్టా పద్ధతీ వద్దు: 2,050 నుంచి 3,700కు ఒక్క పూటలో.

వానాకాలంలో ఈ తొవ్వ పూర్తిగా వదిలేయండి. కిన్నౌర్ కొండలు ముందే పెళుసు, నాకో దగ్గర మల్లింగ్ నాలా ఎప్పుడు పొంగుతుందో ఊరివాళ్లకే తెలియదు.

బండి: ఇంటి నుంచా, రైల్లోనా, అద్దెకా?

ఇంటి నుంచే పోతే రానూపోనూ లేహ్ చుట్టుపక్కల తిరుగుడుతో కలిపి సుమారు 6,000 కి.మీ. లీటరుకు 16 ఇచ్చే కారుకు 375 లీటర్లు, లీటరు వంద రూపాయల లెక్కన 37,500 రూపాయలు. టోల్‌కు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే జాతీయ రహదారుల మీద 200 దాటుళ్లకు సరిపోతుంది. ఈ ఒక్క యాత్రలోనే దాని డబ్బు తిరిగి వస్తుంది. నలుగురు పంచుకుంటే కారే చవక. రాష్ట్ర ఎక్స్‌ప్రెస్ వేలు, రాష్ట్ర రహదారులు ఆ పాస్ కిందికి రావని గుర్తుంచుకోండి.

మేలో నాగ్‌పూర్ చుట్టుపక్కల 45 డిగ్రీలు మామూలే. సిమెంటు రోడ్డు మీద పాత టైరు పేలేది ఇక్కడే, హిమాలయాల్లో కాదు. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఐదేళ్లు దాటితే అరుగుదల లేకున్నా మార్చండి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పదకొండింటికల్లా ఆగిపోవడం మేలు. సివనీ దగ్గర పెంచ్ అడవిలో జంతువుల కోసం రోడ్డును ఎత్తి కట్టారు, ఆ ముక్క పగటిపూటే దాటండి, చూడటానికి బాగుంటుంది.

బైక్‌వాళ్లు రైలు చూసుకోవాలి. ఢిల్లీ దాకా రెండున్నర రోజులు లారీల మధ్య నడిపి అలసిపోతే కొండ దగ్గర ఓపిక మిగలదు. నాంపల్లి నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ సుమారు 26 గంటల్లో న్యూఢిల్లీ చేరుస్తుంది. పార్సిల్ ఆఫీసుకు రెండు రోజుల ముందే పోవాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు నకళ్లు రెండేసి కావాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, చుక్క వాసన వచ్చినా తీసుకోరు. అద్దాలు, ఇండికేటర్లు విప్పి సంచిలో పెట్టుకోండి. హ్యాండిల్ చివర్లకు, క్లచ్ బ్రేకు లివర్లకు గోనెసంచి చుట్టించండి, విరిగేవి అవే. బండి మీరెక్కిన రైల్లోనే వస్తుందన్న భరోసా లేదు, ఢిల్లీలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

అద్దె బండి విషయంలో ఒక మెలిక చాలామందికి తెలియదు. మనాలిలోనో శ్రీనగర్‌లోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న బండితో లేహ్ చేరనిస్తారు గానీ, అక్కడి నుంచి నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు పోనివ్వరు. అక్కడ స్థానికంగా మళ్లీ తీసుకోవాలి. సొంత బండే అయినా ఆర్సీలో పేరున్న మనిషి బండిలో ఉండాలి. బావమరిది కారు, మేనమామ కారు అడుక్కుని పోతే లేహ్ దాటేచోట ఆపి అద్దెదని గొడవ పెట్టే అవకాశం ఉంది. ఆర్సీ యజమాని ఎవరో ఆయన్నీ వెంటబెట్టుకు పోండి.

అనుమతులు, ఫోను

లడఖ్ సరిహద్దు ప్రాంతాలకు భారతీయులకు ఇన్నర్‌లైన్ పర్మిట్ 2021లో తీసేశారు. పర్యావరణ రుసుము మాత్రం ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ఐదారు కాపీలు ఉంచుకోవాలి, చెక్‌పోస్టుకొకటి ఇవ్వాల్సి రావచ్చు. అమెరికా నుంచి వచ్చిన అన్నయ్యకు, వదినకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా ఈ విషయంలో విదేశీయులే. వాళ్లకు వేరే పర్మిట్ లేహ్‌లో ఏజెంటు ద్వారా తీయించాలి. వాళ్లు వెంట తెచ్చే సాటిలైట్ ఫోను, సాటిలైట్ మెసెంజర్ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం, ఇంట్లోనే వదిలి రమ్మనండి.

గల్వాన్ చూడొచ్చా అని మన వైపు నుంచి పోయేవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2020 జూన్ 15న అక్కడ ప్రాణాలర్పించిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ, అడగడం సహజం. లేహ్ నుంచి పాంగాంగ్ పోయే దారిలో దుర్బుక్ దగ్గర ష్యోక్ వైపు చీలే రోడ్డే ఆ లోయ వైపు పోతుంది. ఎంతవరకు పోనిస్తారన్నది సైన్యం చేతిలో ఉంటుంది. అక్కడి చెక్‌పోస్టులో మర్యాదగా అడగండి, కాదంటే వెనక్కి తిరగండి. సైనిక లారీల వరసను దాటేయొద్దు, వంతెనలు, శిబిరాలు ఫోటో తీయొద్దు.

లడఖ్, కాశ్మీర్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్ మూగబోతుంది. జట్టులో కనీసం ఇద్దరికి వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ ఉండాలి, మార్చుకోవడం బయల్దేరే ముందు వారం చేయొద్దు, నెల ముందే చేయండి. డిజీలాకర్‌లో ఉన్నాయి కదా అని కాగితాలు వదిలేయకండి, నెట్ లేనిచోట అది తెరుచుకోదు.

భాష గురించి బెంగ అక్కర్లేదు. మన ఉర్దూ కలిసిన హిందీ కార్గిల్ దాకా హాయిగా నడుస్తుంది.

ఎవరికి ఏది

పిల్లలు, అమ్మానాన్నలతో మేలో పోయే కుటుంబానికి కిన్నౌర్ చాలు. కల్పా దాకా పోయి వచ్చినా కిన్నర్ కైలాస శిఖరాలు ఎదురుగా కనిపిస్తాయి, పడక 3,000 మీటర్లు దాటదు. అందరూ బాగుంటే తాబో, కాజా. లేకుంటే సట్లెజ్ వెంట కిందికి దిగిపోవచ్చు, మధ్యలో కనుమ అడ్డం లేదు. ఈ ఒక్క కారణానికే పెద్దవాళ్లున్న ఇంటికి ఇది మంచిది.

ఇరవై రెండు రోజుల సెలవు, మంచి కారు, ఇద్దరు డ్రైవర్లు ఉన్న స్నేహితులు సెప్టెంబర్‌లో శ్రీనగర్ నుంచి ఎక్కి మనాలి నుంచి దిగండి. నడిపేది ఒక్కరే అయితే మాత్రం కారువాళ్లకైనా రైలే మంచిది, ఢిల్లీలోనో చండీగఢ్‌లోనో డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోండి.

తొమ్మిది పది రోజులే దొరికిన ఉద్యోగులు విమానంలో లేహ్‌కే దిగుతుంటారు. అది ఒంటికి అన్నిటికన్నా కఠినమైన దారి: శంషాబాద్‌లో పొద్దున, లేహ్‌లో మధ్యాహ్నం. అలా పోతే రెండు పూర్తి రోజులు గదిలో పడుకుని, మెట్లు కూడా తక్కువ ఎక్కి, ఆ తర్వాతే నుబ్రా. వచ్చేటప్పుడు రోడ్డు మీద మనాలికి దిగండి.

ఒకసారి లేహ్ చూసినవాళ్లకు స్పితి. తొందర లేని జంటకూ స్పితే.

ఒంటికి, బండికి: చెడిపోయేవి ఎక్కడ

ఎసిటజోలమైడ్ మాత్ర ముందుజాగ్రత్తగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. మాత్ర వేసుకున్నాం కదా అని మజిలీలు ఎగ్గొట్టకూడదు. తాగి నడిస్తే కాళ్లు తడబడినట్టు నడక తప్పినా, మాట తొట్రుపడినా మెదడుకు వాపు వస్తున్నట్టు. కూర్చున్నచోటే ఆయాసం, నురగతో దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు. రెండింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా చూద్దాం అనొద్దు, ఆక్సిజన్ పెట్టి వెంటనే దింపాలి. మొదటి మూడు రాత్రులు మద్యం తాగొద్దు.

వంట తెచ్చుకునేవాళ్లు కుక్కర్ తెచ్చుకోండి. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో పప్పు ఎంతసేపటికీ మెదగదు. గాలి చొరకుండా కట్టిన సకినాల ప్యాకెట్లు పైకి పోయేకొద్దీ బుడగల్లా ఉబ్బి కొన్ని పగులుతాయి, డబ్బాలో తీసుకుపోతే మేలు. మామిడి తొక్కు మాత్రం ఎంత తీసుకుపోయినా సరిపోదు, నాలుగో రోజు నుంచి మ్యాగీ, రాజ్మా తప్ప వేరేది కనిపించదు.

టైర్ల గాలి గురించి ఒక మాట. ఎత్తుకు పోతే బయటి ఒత్తిడి తగ్గి గేజ్ రీడింగ్ పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. ఎండలో ఊళ్లో 30 ఉన్నది చలిలో ఐదు వేల మీటర్ల దగ్గర 32 ప్రాంతంలో ఉంటుంది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. కాబట్టి కొండెక్కగానే గాలి తీసేయకండి. రోజూ పొద్దున బండి కదలకముందు చూసుకుంటే చాలు.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే అరగంటలో కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత తొక్కినా పట్టదు. ఎక్కిన గేరులోనే దిగాలి. ఎక్కేటప్పుడు సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు మానుకోండి, టర్బో లేని చిన్న కార్లకు వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున బలం తగ్గుతుంది, క్లచ్ ప్లేట్ పోయేది అప్పుడే.

చివరగా రేడియేటర్. మన ఎండల్లో ఇంజన్ వేడెక్కితే బావి నీళ్లో బిస్లరీ నీళ్లో పోసి నడిపేస్తాం. ఆ నీళ్లే సెప్టెంబర్ రాత్రి సర్చులో గడ్డకడతాయి, గడ్డకట్టిన నీరు వ్యాకోచించి రేడియేటర్‌ను, ఒక్కోసారి ఇంజన్ బ్లాకునూ పగలగొడుతుంది. బయల్దేరే ముందు పాతదంతా తీయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. అద్దం కడిగే నీళ్ల ట్యాంకుకూ ఇదే జాగ్రత్త. వాగులు దాటి వచ్చిన సాయంత్రం హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే తడిసిన బ్రేకు షూలు రాత్రికి డ్రమ్ముకు అంటుకుని పొద్దున చక్రం తిరగదు. బండిని మొదటి గేరులో పెట్టి, వెనక చక్రాల కింద ఒక్కో రాయి పెట్టి పడుకోండి.